అమ్మకి సంఘం దొరికిన ఏడాది

రక్షణ పొందడానికి చర్చి సంఘంలో సభ్యత్వం అక్కర్లేదు. ముప్పై ఒకటో ఏట ఈ మాట ఎంత గట్టిగా అనేదాన్నో, ఇప్పుడూ అంతే గట్టిగా అంటాను. విశ్వాసం మనిషికీ దేవుడికీ మధ్య సంగతి, అందులో కమిటీకి పనేమిటి? కాకపోతే అప్పట్లో ఈ మాట అనేశాక వాదన ముగిసిపోయిందనుకునేదాన్ని. అమ్మ అసలు ఆ వాదనలోకే రాలేదని, ఆమె అమెరికా వచ్చిన ఏడాది గానీ నాకు తెలియలేదు.

నేను నర్సుని. డెబ్బైల మధ్యలో న్యూజెర్సీకి వచ్చాను. పిస్కాటవేలో రెండో అంతస్తులో చిన్న అపార్ట్‌మెంట్, ఒక పాత కారు, పావుగంట దూరంలో ఆసుపత్రి. అప్పటికి నాకు పెళ్ళి కాలేదు. ఆదివారం డ్యూటీ అంటే వార్డులో అందరూ మొహం చిట్లించేవారు. చర్చికి వెళ్ళేవాళ్ళు కొందరు, టీవీలో ఆట చూసేవాళ్ళు కొందరు. నేను మాత్రం అడిగి మరీ ఆదివారాలు వేయించుకునేదాన్ని. మా సూపర్‌వైజర్ దృష్టిలో నేనొక దేవతని. నిజం ఏమిటంటే, ఆదివారం పొద్దున ఖాళీగా కనిపిస్తే ఏ చర్చికి వెళ్తావని ఎవరో ఒకరు అడుగుతారు. డ్యూటీలో ఉన్నదాన్ని ఎవరూ అడగరు.

అడిగితే చెప్పడానికి పెద్ద కథే ఉంది. మాది కృష్ణా డెల్టాలో ఒక చిన్న టౌను. మూడు తరాలుగా క్రైస్తవులం. నాన్న మిషన్ హైస్కూల్లో లెక్కల మాస్టారు. ఒక ఏడు సంఘ కమిటీ ఎన్నికల్లో దొంగ ఓట్లు పడ్డాయని నాన్న, మరో నలుగురు కోర్టుకెళ్ళారు. విశ్వాసులు ఒకరి మీద ఒకరు బయటి కోర్టుకెక్కకూడదన్న వాక్యం చూపించి, కమిటీ ఐదుగురినీ సంఘం నుంచి తీసేసింది. మిగతా నలుగురూ క్షమాపణ రాసిచ్చి మళ్ళీ చేరారు. నాన్న రాయలేదు. మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు. కావచ్చు, కమిటీకన్నా మాత్రం కాదు. ఏడాదిన్నర తిరక్కుండా గుండెపోటుతో పోయాడు. సభ్యుడు కాడు కాబట్టి సమాధుల తోటలో చోటివ్వలేమన్నారు. కాలవ పక్కన మా మేనమామ పొలంలో, గట్టు వారగా సమాధి చేశారు. పొరుగూరి నుంచి వేరే మిషన్ పాస్టరు ఒకాయన సైకిల్ మీద వచ్చి ప్రార్థన చేసి వెళ్ళాడు.

నేనప్పుడు నర్సింగ్ రెండో ఏడు చదువుతున్నాను. రైలు దిగి ఇంటికి చేరేసరికి అంతా అయిపోయింది. పరీక్షలుండి మూడో రోజే హాస్టల్‌కి తిరిగి వెళ్ళాను. ఆనాటి నుంచి ఏ గుడి మెట్టూ ఎక్కలేదు. మా వైపు చర్చిని గుడి అనే అంటారు. ప్రార్థన మానలేదు, బైబిలు చదవడం మానలేదు, గుడి మానేశాను. అమ్మ మాత్రం ఆ వచ్చే ఆదివారమే అదే గుడికి వెళ్ళింది. ఆ సంగతి ఆమె ఉత్తరంలో చదివి మూడు వారాలు జవాబు రాయలేదు నేను. ఇంటికి వెళ్ళినప్పుడు కూడా ఆ ఊసు ఎత్తేవాళ్ళం కాదు.

ఎనభైల మొదట్లో నాకు సిటిజెన్‌షిప్ వచ్చాక అమ్మని తెచ్చుకున్నాను. ఆమెకి అరవై దాటాయి. ఇంగ్లీషు రాదు, కారు రాదు. పిస్కాటవేలో కారు లేని మనిషిని గదిలో పెట్టి తాళం వేసినట్టే. అంటే అమ్మ ఎక్కడికి వెళ్ళాలన్నా నేను తీసుకెళ్ళాలి. కొట్టుకి తీసుకెళ్ళాను, డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను, న్యూయార్క్ తీసుకెళ్ళి ఎత్తయిన మేడలన్నీ చూపించాను. నెలకో శనివారం మనవాళ్ళ ఇళ్ళల్లో తెలుగు ప్రార్థన ఉండేది, ఐదారు కుటుంబాలు. అక్కడికీ తీసుకెళ్ళాను, ముఖ్యంగా ఆ తరవాత పెట్టే కోడి పులావు కోసం. ఆదివారం చర్చికి మాత్రం తీసుకెళ్ళలేదు. ఆమె అడిగినప్పుడల్లా డ్యూటీ ఉందనేదాన్ని. అబద్ధం కాదు కదా, డ్యూటీ ఉండేది.

"శనివారం ప్రార్థనకి వెళ్తున్నాంగా, అది చాలదా?" అన్నాను ఒకసారి.

"అది ప్రార్థన. బాగానే ఉంది. సంఘం కాదుగా" అంది అమ్మ.

ఆరు నెలలు గడిచాయి. ఒకరోజు కాఫీ పొడి కోసం వంటింటి అలమర పైఅర తీశాను. ఖాళీ కాఫీ డబ్బాలు నాలుగు వరసగా ఉన్నాయి. ఎత్తితే బరువుగా ఉన్నాయి. మూత తీస్తే బియ్యం.

"ఇదేంటమ్మా?"

"పిడికెడు బియ్యం" అంది, పోపు పెడుతూ వెనక్కి తిరగకుండానే.

మా వైపు క్రైస్తవుల ఇళ్ళల్లో పెరిగినవాళ్ళకి చెప్పక్కర్లేదు. అన్నానికి బియ్యం కొలుచుకున్నాక, ఎసట్లో పోసే ముందు అందులోంచి ఒక పిడికెడు తీసి పక్కన కుండలో వేస్తారు. వారమంతా అలా తీసింది ఆదివారం గుడికి తీసుకెళ్ళి బుట్టలో పోస్తారు. చేతిలో కానీ లేని ఆడవాళ్ళు దేవుడికి ఇవ్వగలిగింది అదొక్కటే. పాస్టరుగారింటికి కొంత, లేనివాళ్ళకి కొంత వెళ్ళేది. అమ్మ ఆ పని అమెరికాలో సూపర్‌మార్కెట్ బియ్యంతో కూడా మానలేదు.

"ఎవరికిస్తావు?"

"సంఘానికి."

"ఏ సంఘానికి?"

"నేనూ అదేగా అడుగుతున్నాను ఆర్నెల్ల నించీ. సామెతలో అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు. మనింట్లో కూతురు."

నాకు కోపం వచ్చింది. మాట పడితే ఊరుకునే స్వభావం నాన్నకీ లేదు, నాకూ లేదు. "నమ్మితే చాలు కదమ్మా. సిలువ మీద దొంగకి ఏ చర్చిలో మెంబర్‌షిప్ ఉంది? వాణ్ణి ప్రభువు పరదైసుకి తీసుకెళ్ళలేదా?"

"ఆ దొంగకి సాయంత్రం దాకానే టైముంది పాపం. నాకు వారమంతా ఖాళీయే."

"అంటే చర్చికి పోకపోతే రక్షణ లేదంటావా?"

"నేననలా. నా రక్షణ పధ్నాలుగో ఏటే అయిపోయింది. దాని కోసం ఎవరన్నా వారం వారం తిరుగుతారా?"

"మరి దేనికి?"

అమ్మ పోపులో కరివేపాకు దూసి వేసింది. ఆమె అలా పనిలో పడితే నాకు మరీ మండుతుంది. అనకూడని మాట అన్నాను. "నాన్నకి ఆరడుగుల నేల ఇవ్వనివాళ్ళకి ఇన్నేళ్ళూ బియ్యం మోశావు. సిగ్గనిపించలేదా అమ్మా?"

అమ్మ స్టవ్ ఆపేసి కుర్చీలో కూర్చుంది. కళ్ళనీళ్ళేమీ పెట్టుకోలేదు. మామూలుగానే చెప్పింది.

"ఇవ్వనన్నది కమిటీ. ఏడుగురు మగాళ్ళు. సంఘమంటే ఆ ఏడుగురేనా? ఆ తర్వాత వారం నించి వాళ్ళ ఆడాళ్ళు బియ్యం గుళ్ళో పోయలా. మనింటికి తెచ్చి పోశారు. వీధిలోంచొస్తే మగాళ్ళు చూస్తారని దొడ్డిగుమ్మంలోంచి వచ్చేవాళ్ళు. మూణ్ణెల్లు పోశారు, మీ నాన్న స్కూలు డబ్బులొచ్చిందాకా. పాస్టరుగారి భార్య కూడా కొంగులో పోసుకుని తెచ్చింది. నువ్వు సెలవులకొచ్చి తిన్నావే, ఆ అన్నమే అది. ఎలక మీద కోపంతో ఇంటికి నిప్పెట్టుకోమంటావా నన్ను?"

"నాకెందుకు చెప్పలేదు ఇన్నాళ్ళూ?"

"చెప్తే తినేదానివా?"

తినేదాన్ని కాదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు కాబట్టి అక్కడితో ఆపేశాం. ఆ సెలవుల్లో ఇంట్లో కూర్చుని, అన్నం తింటూ, ఆ సంఘాన్ని నేనెన్ని మాటలన్నానో నాకు బాగా గుర్తుంది. అమ్మ అప్పుడు పక్కనే కూర్చుని మజ్జిగ పోసింది. సిగ్గు నాకు వేసింది.

మరుసటి వారం నేను ఆదివారం సెలవు అడిగితే సూపర్‌వైజర్ ఇంట్లో ఎవరైనా పోయారా అని కంగారుపడింది. చర్చి వెతకడంలో పెద్ద పరిశోధనేమీ చెయ్యలేదు. ఆసుపత్రికి వెళ్ళే దారిలో ఒక ఎర్ర ఇటుకల చర్చి ఉండేది, కారు పెట్టుకోవడానికి చోటు బాగుండేది. "మన మిషనేనా?" అంది అమ్మ. తెలియదన్నాను. "పైన సిలువ ఉందిగా, పద" అంది.

ఉన్నవాటిలో మంచి చీర కట్టుకుని, నాలుగు డబ్బాల బియ్యం ఒక గుడ్డసంచిలో పోసి, మూతి ముడేసి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. కానుకల పళ్ళెం వచ్చింది. సంచి అందులో పట్టదు. నేను ఆపేలోపల అమ్మ లేచి, వరసల మధ్యనుంచి తిన్నగా ముందుకు నడిచి, బల్ల దగ్గర సంచి పెట్టి, మోకరించి, లేచి వచ్చింది. వంద మంది తెల్లవాళ్ళు చూస్తున్నారు. నాకు నేల చీలితే బాగుండుననిపించింది.

ఆరాధన అయ్యాక పళ్ళెం పట్టిన ముసలాయన మా దగ్గరికి వచ్చాడు. సంచి విప్పి చూసినట్టున్నాడు, మొహం వెలిగిపోతోంది. ఆ దేశంలో కొత్త దంపతులు చర్చి మెట్లు దిగుతుంటే వాళ్ళ మీద బియ్యం చల్లుతారు. ఆయనకి తెలిసిన బియ్యం అదొక్కటే. "పెళ్ళెప్పుడు?" అన్నాడు నా వంక చూస్తూ.

"ఏంటంట?" అంది అమ్మ.

"నా పెళ్ళెప్పుడని అడుగుతున్నాడు."

"నేనూ అదే అడుగుతున్నానని చెప్పు" అంది అమ్మ.

అసలు సంగతి విడమరిచి చెప్పేసరికి తాతకి చెవులు ఎర్రబడ్డాయి. బియ్యం చర్చి అడుగున, లేనివాళ్ళకి తిండి సామాను ఇచ్చే గదికి వెళ్ళింది. ఆ నెల నుంచి అమ్మ సంచి కోసం అక్కడొక అర ఖాళీ చేసి ఉంచారు.

అమ్మకి చర్చి దొరికింది, నాకు దొరకలేదు. ఆమెని దింపి కారులో కూర్చుని పేపరు చదువుకునేదాన్ని. రెండో వారం ఆ ముసలాయనే కిటికీ తట్టి కాఫీ ఇచ్చి వెళ్ళాడు. మూడో వారం కూడా ఇచ్చాడు. నాలుగో వారం కిటికీ తట్టి, కాఫీ లోపల ఉందన్నాడు. డిసెంబరు చలికి వెళ్ళాను. కింది గదిలో కాఫీ తాగుతుంటే పైనుంచి పాటలు వినిపించేవి. మిషనరీలు మనకిచ్చిన రాగాలే కాబట్టి, అమ్మ తెలుగు మాటలతో గొంతెత్తి పాడేది. వందమంది ఇంగ్లీషులో, ఒక్కామె తెలుగులో. ఎవరూ ఏమీ అనలేదు. నాకే వింతగా ఉండేది, ఆమెకి లేదు.

వసంతం వచ్చేసరికి అక్కడి పాస్టరు, నాకన్నా కాస్త పెద్దవాడు, అమ్మ సభ్యురాలిగా చేరతారా అని నా ద్వారా అడిగాడు. విశ్వాసం ఒప్పుకుంటే చాలు, కాగితాలేవీ అక్కర్లేదన్నాడు. అమ్మ ఒప్పుకోలేదు. సంఘం మారేటప్పుడు పాత సంఘం నుంచి ఉత్తరం తేవాలి. "చెప్పకుండా లేచొచ్చెయ్యడానికి నేనేం పారిపోయొచ్చానా?" అంది. ఆ ఉత్తరం ఎవరిని అడగాలి? నాన్నని తీసేసిన ఆ సంఘాన్నే. ఎవరు రాయాలి? ఇక్కడి చర్చి పేరూ చిరునామా ఇంగ్లీషులో రాయడం వచ్చింది నాకే కాబట్టి నేనే. పళ్ళు కొరుక్కుంటూ రాశాను. "గౌరవనీయులైన" అన్న మాట రాయడానికి ఒక సాయంత్రం పట్టింది.

ఆరు వారాలకి జవాబు వచ్చింది. కొత్త పాస్టరు, కొత్త కమిటీ. ఇంగ్లీషులో టైపు చేసిన నాలుగు వాక్యాలు, కింద ఊదారంగు ముద్ర. ఈ దిగువ పేర్లవారు మా సంఘంలో పూర్ణ సభ్యులు, వీరిని ప్రేమతో చేర్చుకోవలసిందని ఉంది. పేర్లు రెండు. మొదటిది అమ్మది, రెండోది నాది.

పదేళ్ళకి పైగా నేను వదిలేశాననుకున్న సంఘం నన్ను వదల్లేదన్నమాట. వదిలేసిన సంగతి నేను వాళ్ళకి చెప్పలేదు మరి. "నా పేరెందుకుంది?" అన్నాను.

"నీ పేరుమీద కూడా ఒక పిడికెడు తీసేదాన్ని. రోజూ రెండు పిడికిళ్ళు. సభ్యత్వానికి ఏదోటి ఇవ్వాలిగా."

"నన్నడగకుండానా?"

"అడిగితే వద్దనేదానివి."

అదీ నిజమే. కానీ నాకు ఒళ్ళు మండింది. నాన్న పేరు కొట్టేసిన పుస్తకంలో నా పేరు అంతకాలం హాయిగా కూర్చుని ఉందంటే నేను నాన్నకి ద్రోహం చేసినట్టనిపించింది. ఆ మాటే అన్నాను. నాన్న గుడి లేకుండానే విశ్వాసిగా బతికాడు, అలాగే పోయాడు, నాకూ అదే చాలన్నాను.

అమ్మ ఉత్తరం మడిచి బైబిల్లో పెట్టింది. "ఆయన రక్షణ గురించి నాకు ఒక్కరోజు కూడా అనుమానం రాలా. అరుగు మీద కూర్చుని బైబిలు చదువుకునేవారు. అంతా బానే ఉండేది. కానీ ఆదివారం గుళ్ళో మొదటి గంట కొట్టేసరికి చెప్పులు తొడుక్కునేవారే. రెండో గంట దాకా అలాగే నిలబడి మళ్ళీ విప్పేసేవారు. ఏడాదిన్నర, ఒక్కవారం తప్పలా. నువ్వు హాస్టల్లో ఉన్నావు, నువ్వు చూళ్ళేదు."

నాన్న సంతోషంగా ఒంటరిగా ఉన్నాడని ఇన్నేళ్ళూ నమ్మాను. నా కోపమంతా ఆ నమ్మకం మీదే నిలబెట్టుకున్నాను. ఆ తరవాత రెండు మూడు రోజులు ఆసుపత్రిలో కూడా నాకు ఆ చెప్పులే కళ్ళలో మెదిలాయి. అయినా మొండితనం ఒక్కసారిగా పోదు. ఉత్తరం ఇవ్వడానికి వెళ్ళినప్పుడు నా పేరు రాయవద్దని చెప్పెయ్యాలని నిశ్చయించుకున్నాను.

ఒక గురువారం పొద్దుటి షిఫ్టు అయ్యాక, యూనిఫాం మార్చుకోకుండానే అమ్మని చర్చి ఆఫీసుకి తీసుకెళ్ళాను. పాస్టరు లేడు. సెక్రటరీ ఉంది, డెబ్బై ఏళ్ళ ముసలామె, తెల్ల జుట్టు, మెడలో గొలుసుకి కళ్ళజోడు. ఉత్తరం చదివి, చాలా బాగుందంటూ సొరుగులోంచి పెద్ద అట్టపుస్తకం తీసి తెరిచింది. అందులో సభ్యుల పేర్లన్నీ కలంతో రాసి ఉన్నాయి. నేను నోరు తెరిచేలోపే ఉత్తరం చూసుకుంటూ రెండు పేర్లూ రాసేసింది, ఒక్కొక్క అక్షరం గుండ్రంగా. ఇంకెవరైనా ఉన్నారా మీ కుటుంబంలో అని మామూలుగా అడిగింది.

లేరని చెప్పబోయాను. ఏమడుగుతోందని అమ్మ అడిగితే చెప్పాను.

"మీ నాన్న పేరు చెప్పు" అంది అమ్మ.

"అమ్మా, బతికున్నవాళ్ళనే రాస్తారు."

"అక్కడ బతికుండగానే కొట్టేశారు. ఇక్కడ పోయాకైనా రాస్తుందేమో అడుగు. రాయనంటే సరే, ఊరికే అడుగు."

అప్పుడర్థమైంది నాకు, ఆ రోజు వంటింట్లో "మరి దేనికి?" అని నేనడిగిన ప్రశ్నకి జవాబు. ఎన్ని నెలల నుంచి మనసులో పెట్టుకుందో, అడిగితే కాదంటానని ఎంత భయపడిందో. నేను సెక్రటరీకి చెప్పాను. కోర్టు, కమిటీ, పొలం గట్టు అన్నీ రెండు ముక్కల్లో చెప్పాను. నర్సులకి చావుల సంగతి పొడిగా చెప్పడం అలవాటే.

ఆమె పుస్తకంలో వెనక పేజీలు తిప్పింది. "ముప్పై ఏళ్ళుగా ఇందులో నేనే రాస్తున్నాను. సగం మంది ఇప్పుడు అటువైపే ఉన్నారు" అంది. "పేరు చెప్పు, స్పెల్లింగ్ మెల్లిగా చెప్పు."

మొదటి మూడు అక్షరాలూ చెప్పాను. నాలుగోది చెప్పలేకపోయాను. నాన్న పోయాక నేను ఏడవలేదు. రైలు దిగి వచ్చిన రోజున కోపంతోనే సరిపోయింది, ఆ తరవాతా కోపంతోనే సరిపెట్టుకున్నాను. ఇప్పుడు తెల్ల యూనిఫాంలో, ఎవరో ముసలామె బల్ల ముందు నిలబడి, చిన్నపిల్లలాగా ఏడుస్తున్నాను. సెక్రటరీ కలం ఎత్తి పట్టుకునే ఉంది.

మా వైపు ఆ తరం ఆడవాళ్ళు మొగుడి పేరు నోటితో పలకరు. రేషన్ ఆఫీసులోనూ, ఓట్లప్పుడూ పక్కవాళ్ళ చేతనో పిల్లల చేతనో చెప్పించేవాళ్ళు. అమ్మ నోట నాన్న పేరు నా జన్మలో వినలేదు. అమ్మ నా చేయి పట్టుకుని, బల్ల మీదికి కాస్త వంగి, నాన్న పేరు ఇంటిపేరుతో సహా చెప్పింది. సెక్రటరీకి ఒకసారికి అందలేదు. అమ్మ మళ్ళీ చెప్పింది, గట్టిగా.